కొత్త షాఫ్టు వేశాక వచ్చే మోత

బండి పక్షం: ముందుచక్రాలతో నడిచే కారుకు డ్రైవ్ షాఫ్టు మార్చిన తర్వాత మోత వినపడితే, మొదట అనుమానించవలసింది ఆ షాఫ్టునూ దాన్ని బిగించిన పనినీ. బండిలో కొత్తగా జరిగింది అదొక్కటే. షాఫ్టు బయటికి రావాలంటే హబ్బు నట్టు విప్పాలి, కింది ఆర్మ్ దగ్గర బాల్ జాయింటు ఊడదీయాలి, చక్రాన్ని మోసే నకల్‌ను పక్కకు లాగాలి, గేరుబాక్సులో ఇరుక్కుని ఉన్న లోపలి కొసను రాడ్డుతో ఎగదన్ని తీయాలి. ఈలోగా బ్రేకు కాలిపరూ, ఏబీఎస్ వైరూ, స్టీరింగు ఎండూ కదులుతాయి. ఇన్ని చోట్ల చెయ్యి పడ్డాక పుట్టిన చప్పుడును ఆ చోట్ల వెతక్కుండా ఇంకెక్కడో వెతకడం సరైన వరస కాదు.

షెడ్డు పక్షం: చప్పుడు కొత్తదని తేలితే ఆ వరస సరైనదే. అసలు షాఫ్టు ఎందుకు మార్చవలసి వచ్చిందన్నది ముందు ప్రశ్న. జాయింటును కప్పే రబ్బరు బూటు చినిగి, గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి, జాయింటులో దుమ్ము చేరి మార్చారంటే ఒక దారి. ఏదో మోత వస్తోందని, అది షాఫ్టే అయి ఉంటుందని ఊహించి మార్చారంటే మరో దారి. రెండో దారిలో వచ్చిన బండిలో షాఫ్టు మార్చాక మిగిలిన మోత చాలాసార్లు పాత మోతే. యర్రగొండపాలెం లాంటి ఊళ్లలో ఇది తరచుగా జరిగే పొరపాటు. మాచర్ల నుంచి మార్కాపురం వైపు సాగే 565 జాతీయ రహదారి మీద వేగంగా పోయే బండే, రహదారి దిగగానే గరుసు దారుల్లో, తండాల బాటల్లో, పొలాల గట్ల వెంట నడుస్తుంది. ఆ దారుల గుంతలకు చక్రం బేరింగు త్వరగా అరుగుతుంది. బేరింగు గుయ్‌మంటుంటే షాఫ్టు మీద నేరం మోపి, కొత్తది తెచ్చి వేసి, అదే గుయ్‌మనే మోతతో బండి తిరిగి వస్తే, కొత్త సామాను చేసిన తప్పేమీ లేదు.

బండి పక్షం: తప్పుడు నిర్ధారణతో మార్చినా అది షెడ్డు చేసిన నిర్ధారణే కదా. దాన్ని పక్కన పెట్టినా, పాత మోతకూ కొత్త మోతకూ తేడా చెప్పగలిగిన గుర్తు ఒకటి ఉండాలి. అది లేకుండా "ఇది ముందునుంచీ ఉన్నదే" అనడం బండి తెచ్చినవారి నోరు మూయించే మాట అవుతుంది.

షెడ్డు పక్షం: గుర్తులు ఉన్నాయి, అవి చాలావరకు నమ్మదగ్గవే. షాఫ్టుకు రెండు కొసల్లో రెండు రకాల జాయింట్లు ఉంటాయి. చక్రం వైపున్నది ఆరు గుండ్లు తిరిగే బయటి జాయింటు. ఆల్ఫ్రెడ్ రెజెప్పా అనే ఇంజనీరు 1920లలో రూపొందించిన అమరిక. 1959లో బ్రిటిష్ మినీ కారుతో అది సామాన్యుల బండ్లలోకి వచ్చింది. మన దేశంలో 1983 చివర మారుతి 800 రోడ్డెక్కాక షెడ్లకు పరిచయమైంది. అంతకు ముందు అంబాసిడర్‌కీ పద్మినికీ వెనకచక్రాలు నడిచేవి. అక్కడ మోత అంటే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుదో, వెనక హౌసింగుదో. బొలేరో లాంటి బండ్లకు ఇప్పటికీ అంతే. రెజెప్పా జాయింటు స్టీరింగు పూర్తిగా తిప్పినా వేగం మారకుండా చక్రాన్ని తిప్పుతుంది. దానిలో గుండ్ల దారులు అరిగితే చప్పుడు మలుపులోనే, యాక్సిలరేటరు మీద కాలు ఉన్నప్పుడే వస్తుంది: టక్ టక్ టక్ అని విడివిడిగా, బండి వేగంతో పాటు జోరు పెరుగుతూ.

గేరుబాక్సు వైపున్నది మూడు రోలర్ల ట్రైపాడ్ జాయింటు. అది తిరుగుతూనే లోపలికీ బయటికీ జారుతుంది. అది అరిగితే టకటక ఉండదు, వణుకు ఉంటుంది. వేగం అందుకునేటప్పుడు బండి ముందుభాగం అటూ ఇటూ ఊగి, కాలు తీయగానే ఆగిపోతుంది. బేరింగు మోత ఈ రెంటిలా కాలుకు లొంగదు. యాక్సిలరేటరు తొక్కినా వదిలినా అదే గుయ్‌, వేగం పెరిగితే స్థాయి పెరుగుతుంది. వేగంగా పోతూ బండిని కాస్త ఎడమకు వంచితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెద్దదైతే కుడి బేరింగు, తగ్గితే ఎడమది అని అనుమానించాలి.

బండి పక్షం: ఆ గుర్తుల్లో కొన్ని వినడానికి ఉన్నంత కచ్చితంగా ఉండవు. "ఎడమకు తిప్పితే టకటక వస్తే కుడి జాయింటు పోయింది" అనే సూత్రం ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. బయటి చక్రం మీద బరువు ఎక్కువ పడుతుందన్నది దానికి ఆధారం. కానీ మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ కోణం తిరుగుతుంది. అరిగిన జాయింటు చప్పుడు చేయడానికి బరువే కాదు, కోణం కూడా కారణం. నెమ్మదిగా, పూర్తిగా తిప్పిన స్టీరింగుతో ఖాళీ స్థలంలో గుండ్రంగా తిరిగేటప్పుడు బరువు పక్కకు మళ్లేది కొద్దిగానే. అప్పుడు లోపలి చక్రం జాయింటే మోగవచ్చు. ఆ సూత్రాన్ని నమ్మి ఒక వైపు షాఫ్టు మార్చితే, చెడినది రెండో వైపున మిగిలిపోతుంది.

షెడ్డు పక్షం: ఇది ఒప్పుకోవలసిన మాటే. అందుకే ముందుకూ వెనక్కూ, ఎడమకూ కుడికీ నాలుగు విధాలా తిప్పి వినాలి. ఒకరు నడుపుతుంటే మరొకరు బయట సురక్షితమైన దూరంలో నిలబడి వింటే వైపు తేలికగా తెలుస్తుంది. ఇంకో మార్గం లెక్కపెట్టడం. 165/80 ఆర్14 టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. గంటకు 7 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ వేగంలో సెకనుకు ఒక్కసారి వచ్చే చప్పుడు చక్రంతో పాటు తిరిగే ఏదో ఒక్క చోటు చేసేది: డిస్కుకు తగిలే రేకు, టైరులో దిగిన రాయి, గుండ్ల దారిలో పడిన ఒకే ఒక గుంట. అదే 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఎనిమిదిన్నర చుట్లు తిరుగుతుంది. మూడు రోలర్ల జాయింటు చుట్టుకు మూడుసార్లు కుదుపుతుంది గనుక దాని వణుకు సెకనుకు పాతిక దాకా ఉంటుంది. చక్రం బ్యాలెన్సు లోపిస్తే వచ్చే ఊపు చుట్టుకు ఒకటే. చేతికి తెలిసే ఈ తేడాతో టైరునూ షాఫ్టునూ విడదీయవచ్చు.

బండి పక్షం: లెక్క బాగుంది. అయితే కొత్త సామానులో పుట్టే మోతలు ఈ లెక్కకు అందనివి కొన్ని ఉన్నాయి; కంపెనీ షాఫ్టుకూ బజారు షాఫ్టుకూ ఉన్న తేడాల్లోంచి వచ్చేవి. కంపెనీ అమర్చిన షాఫ్టుల్లో కొన్నింటికి మధ్యలో రబ్బరుతో పట్టించిన బరువు ఒకటి ఉంటుంది. అది అలంకారం కాదు, ఫలానా వేగంలో షాఫ్టు కంపించకుండా ఆపేది. బయట చేసిన షాఫ్టుకు ఆ బరువు లేకపోతే జాయింట్లు ఎంత కొత్తవైనా ఒక వేగం దగ్గర బోయ్‌మనే మోత పుడుతుంది, ఆ వేగం దాటాక పోతుంది. ఏబీఎస్ రింగు షాఫ్టు మీదే ఉండే మోడళ్లలో పళ్ల సంఖ్య తేడా వస్తే, మెల్లగా ఆగేటప్పుడు బ్రేకు పెడలు కింద గరగరలాడుతుంది. విన్నవారు దాన్ని జాయింటు చప్పుడు అనుకుంటారు. పొడవు కొద్దిగా ఎక్కువైతే గుంతలో చక్రం పైకి లేచినప్పుడు లోపలి జాయింటు అడుగుకు కొట్టుకుంటుంది. ఎడమ, కుడి షాఫ్టుల పొడవులు చాలా కార్లలో వేరు. పెట్టె మీద మోడలు పేరు చూసి ఏడాది, గేరుబాక్సు రకం చూడకుండా తెస్తే ఇదే గతి. మార్కాపురంలో దొరక్క గుంటూరు, విజయవాడల నుంచి బస్సు పార్సిలులో తెప్పించిన సామానును తిరిగి పంపడం కష్టం కాబట్టి, కొద్దిపాటి తేడాను "సరిపోతుందిలే" అని బిగించేయడం జరుగుతుంది.

షెడ్డు పక్షం: పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నేల మీద పెట్టి పొడవు, స్ప్లైను పళ్లు, ఏబీఎస్ రింగు, మధ్య బరువు పోల్చకుండా బిగించిన షెడ్డుకు సమర్థన లేదు. ఐదు నిమిషాల పని అది. అయినా కొత్త సామాను చెడ్డది కావడం కంటే, మంచి సామానే కూర్చునే చోట సరిగా కూర్చోకపోవడం ఎక్కువ. ఇక్కడ బండి పక్షం మొదట చెప్పిన మాటకు బలం చేకూరుతుంది. లోపలి కొసకు ఉండే సర్‌క్లిప్పు గేరుబాక్సులో టక్కుమని పడాలి. పడిందో లేదో జాయింటు గిన్నెను చేత్తో లాగి చూడాలి. షాఫ్టు కడ్డీని పట్టుకుని లాగితే రోలర్లు గిన్నెలోంచి బయటపడతాయి, బూటు లోపల జరిగిన ఆ నష్టం పైకి కనపడదు. పడని క్లిప్పుతో బండి బయల్దేరితే మొదట గేరుబాక్సు ఆయిలు కారుతుంది, తర్వాత షాఫ్టు జారుతుంది. అలాంటి బండిని పరీక్ష పేరుతో దోర్నాల దాటించి 765 రహదారి మీద శ్రీశైలం ఘాటు ఎక్కించడం ప్రమాదం. అది నల్లమల అడవి దారి. వంపులో చక్రానికి బలం అందకపోతే సాయం దొరికే ఊరు దగ్గరలో ఉండదు.

బండి పక్షం: ఆయిలు సంగతి ఇంకా కొంత చెప్పవలసి ఉంది. షాఫ్టు లాగినప్పుడు చాలా గేరుబాక్సుల నుంచి ఆయిలు కొంత పోతుంది. పోయినంత మళ్లీ పోయకపోతే గేరుబాక్సు లోపల సన్నని కూత మొదలవుతుంది. ఆ కూతను కొత్త షాఫ్టు మోతగా భావించి దాన్నే మళ్లీ విప్పితే మరికొంత ఆయిలు పోతుంది. జాయింటు వెతకడం కంటే ముందు ఆయిలు మట్టం చూడటం తేలిక, చవక, అత్యవసరం కూడా.

షెడ్డు పక్షం: దానికంటే ముందు చూడవలసినది చక్రం బోల్టులు. అవి వదులైతే మలుపులో టకటక సరిగ్గా చెడిన జాయింటు లాగే ఉంటుంది, ఆ చక్రం ఊడిపోగలదు కూడా. తర్వాత డిస్కు వెనక దుమ్ము ఆపే పలుచని రేకు. నకల్ లాగేటప్పుడు మోచేయి తగిలినా వంగి డిస్కును గీరుతుంది. స్క్రూడ్రైవరుతో కాస్త వెనక్కి వంచితే పోయే ఆ చప్పుడుకు షాఫ్టులు మార్చిన సందర్భాలున్నాయి. ఆ పైన హబ్బు నట్టు.

బండి పక్షం: హబ్బు నట్టు దగ్గరే రెండు పక్షాల వాదాలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఈ నట్టు షాఫ్టును పట్టి ఉంచడానికే కాదు. ముందుచక్రాల కార్లలో బేరింగు లోపలి రెండు రింగులను దగ్గరగా నొక్కి ఉంచేది కూడా ఇదే. చాలా చిన్న కార్లలో దీని బిగువు 200 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ, అంటే మీటరు పొడవు గొట్టం చివర 20 కిలోల బరువు వేలాడదీసినంత. సరైన అంకె ఆ మోడలు పుస్తకంలో ఉంటుంది. ఇంపాక్టు గన్నుతో డబడబా కొట్టి వదిలేస్తే ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు. వదులుగా ఉన్న నట్టుతో బండి బరువు చక్రం మీద పడితే రింగులు దూరమై బేరింగు చెడుతుంది. గట్టిపడిన పాత షాఫ్టును హబ్బులోంచి తీయడానికి సుత్తితో బాదినా ఆ దెబ్బలు బేరింగు గుండ్ల దారుల మీదే పడతాయి. కాబట్టి షాఫ్టు మార్చిన వారం రోజుల్లో బేరింగు గుయ్‌మంటే, "బేరింగు వేరు, షాఫ్టు వేరు" అనడం చెల్లదు. మోత బేరింగుదే, దాన్ని తెచ్చింది షాఫ్టు మార్చిన పని కావచ్చు.

షెడ్డు పక్షం: కావచ్చు. కాకపోవచ్చు కూడా. లక్ష కిలోమీటర్లు గరుసు దారుల్లో తిరిగిన బేరింగు అంచు మీదే ఉంటుంది. పాత జాయింటు టకటకల మధ్య దాని సన్నని మోత వినపడదు. జాయింటు నిశ్శబ్దమయ్యాక వినిపిస్తుంది. చెవి ఒక పెద్ద చప్పుడు ఆగగానే దాని కింద ఉన్న చిన్నదాన్ని పట్టుకుంటుంది. పైగా షాఫ్టు మార్పించినవారు వారం పాటు బండి ప్రతి చప్పుడునూ చెవి రిక్కించి వింటారు. ఏనాటినుంచో ఉన్నది కూడా నిన్న పుట్టినట్టు ఉంటుంది. నట్టు సరైన బిగువులో ఉందని టార్క్ పానాతో చూపగలిగితే, ఆ వాహనానికి చెప్పిన కొత్త నట్టు వేసి అంచు గాడిలోకి వంచినట్టు కనపడితే, ఆ బేరింగు భారం షెడ్డు మీద వేయడం న్యాయం కాదు.

బండి పక్షం: సుత్తి దెబ్బ మాత్రం ఏ పానాతోనూ కనపడదు.

షెడ్డు పక్షం: కనపడదు, అది నిజం. పుల్లరుతో నెట్టి తీసిన షెడ్డుకూ బాది తీసిన షెడ్డుకూ తేడా పని చూసినవారికే తెలుస్తుంది. కొన్నిసార్లు హబ్బు వైపు షాఫ్టు కొసన చితికిన దారాలు ఆ కథ చెబుతాయి. పాత షాఫ్టు పారేయకుండా ఉంచితే.

బండి పక్షం: జాకీ మీద ఎత్తి పరీక్షించడం గురించీ ఒక స్పష్టత కావాలి. చాలా షెడ్లలో ముందుభాగం ఎత్తి, గేరు వేసి, చక్రాలు గాలిలో తిప్పి "వినండి, ఏ చప్పుడూ లేదు" అనో, "ఇదిగో ఇక్కడే" అనో తేల్చేస్తారు.

షెడ్డు పక్షం: ఆ పరీక్ష రెండు విధాలా మోసం చేస్తుంది. చక్రాలు వేలాడుతున్నప్పుడు జాయింట్లు రోడ్డు మీద ఎన్నడూ ఉండని కోణంలో వంగుతాయి, మంచి జాయింటు కూడా చప్పుడు చేస్తుంది. రెండోది, ఒక చక్రం ఆగి ఉంటే డిఫరెన్షియల్ వల్ల మరో చక్రం మీటరు చూపిన వేగానికి రెట్టింపు తిరుగుతుంది. మీటరు మీద 40 ఉంటే ఆ చక్రం 80లో ఉన్నట్టు. బరువు లేదు కాబట్టి చెడిన బేరింగు మౌనంగా ఉండవచ్చు కూడా. ఎత్తి చూడాలంటే ఇంజను ఆపి, స్టాండ్లు పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చేతిని స్ప్రింగు మీద ఉంచాలి. బేరింగు గరుకైతే ఆ గరుకు స్ప్రింగు తీగలోకి వస్తుంది. షాఫ్టు కడ్డీని పట్టుకుని ముందుకూ వెనక్కూ మెలితిప్పి సందు చూడాలి. కొద్దిపాటి సందు కొత్తదానిలోనూ ఉంటుంది. రెండు వైపులా పోల్చి చూస్తేనే అర్థం.

బండి పక్షం: రివర్సు నుంచి ముందు గేరుకు మార్చి కదలగానే ఒక్కసారి టక్కుమని, మళ్లీ దిశ మార్చేదాకా రాని చప్పుడు ఒకటుంది. కొత్త షాఫ్టు వేసిన బండ్లలోనే అది ఎక్కువ. దాన్ని పాత మోత అనడానికి వీల్లేదు.

షెడ్డు పక్షం: వీల్లేదు. హబ్బు లోపలి స్ప్లైను పళ్లలో తుప్పు మిగిలినప్పుడు, లేదా జాయింటు భుజం బేరింగుకు ఆనే చోట పొడిగా ఉన్నప్పుడు, దిశ మారిన ప్రతిసారీ అవి పట్టి వదులుతాయి. విప్పి, తుప్పు గీకి, మాలిబ్డినం పేస్టు పలుచగా పూసి, కొత్త నట్టు సరైన బిగువుతో వేస్తే పోతుంది. ఇంజను మౌంటు రబ్బరు చితికినా అదే టక్కు వస్తుంది గనుక, షాఫ్టు విప్పే ముందు బానెట్ ఎత్తి, చేతి బ్రేకు లాగి ఉంచి, ఒకరు క్లచ్ కొద్దిగా వదులుతుంటే ఇంజను ఎంత లేస్తుందో పక్కనుంచి చూడాలి. బండికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. కింది ఆర్మ్ బుష్షు బోల్టును చక్రం గాలిలో ఉండగా బిగిస్తే, బండి నేలకు దిగాక రబ్బరు మెలిపడి గుంతల్లో కిర్రుమంటుంది. అదీ పనివల్ల పుట్టిన చప్పుడే, షాఫ్టుకు సంబంధం లేకపోయినా.

బండి పక్షం: అయితే పనివల్ల పుట్టేవి బిగువు, క్లిప్పు, ఆయిలు, రేకు, పేస్టు, బుష్షు ఇన్ని ఉన్నప్పుడు, ముందు పనిని తిరిగి చూసుకున్నాకే పాత మోత మాట ఎత్తాలన్న వాదం నిలిచినట్టే.

షెడ్డు పక్షం: విప్పకుండా చూడగలిగినంత వరకు నిలుస్తుంది. బోల్టులు, ఆయిలు, రేకు, నట్టు బిగువు, క్లిప్పు విప్పకుండానే తెలుస్తాయి. స్ప్లైను, జాయింటు లోపలి సంగతి తెలియాలంటే మళ్లీ ఊడదీయాలి. ఊడదీసిన ప్రతిసారీ ఒక నట్టు, ఒక క్లిప్పు, కొంత ఆయిలు ఖర్చు. సీలు అంచుకు గాటు పడే అవకాశం. బేరింగుకు ఇంకో పరీక్ష. వేగంతో మారి, కాలుకు లొంగని గుయ్‌మనే మోతకు షాఫ్టును మళ్లీ విప్పడం వృథా. మలుపులో టకటకకూ, వేగం అందుకునేటప్పటి వణుకుకూ విప్పడం తప్పదు. మోత రకాన్ని బట్టి వరస మారాలి, ఎవరి చెయ్యి చివరగా పడిందన్న దాన్ని బట్టి కాదు.

బండి పక్షం: రకాన్ని చెప్పేది కూడా షెడ్డే అయినప్పుడు బండి తెచ్చినవారికి ఆధారం ఏమిటి? పనికి ముందు ఇద్దరూ కలిసి ఒకసారి నడిపి, ఏ వేగంలో, ఏ మలుపులో, కాలు ఉన్నప్పుడా లేనప్పుడా అని రాసుకోవాలి. ఫోనులో ఆ మోత రికార్డు చేసుకోవాలి. షెడ్డులో ఇది జరగడం అరుదు.

షెడ్డు పక్షం: అరుదే. అలా రాసుకుంటే షెడ్డుకే ఎక్కువ మేలు. పాత షాఫ్టును కూడా మోత తేలేదాకా ఉంచాలి. కొత్తది అనుమానమైతే, పాతదాని బూటు మాత్రమే చినిగి జాయింటు బాగుందనుకుంటే, పాతదాన్నే తాత్కాలికంగా వేసి చూడటం అన్నిటికన్నా సూటి పరీక్ష. పాత కంపెనీ జాయింటును కడిగి, కొత్త గ్రీజు, కొత్త బూటు వేసి వాడుకోవడం బజారు షాఫ్టు కంటే మేలైన సందర్భాలూ ఉన్నాయి.

బండి పక్షం: ఆ సూటి పరీక్షకు అయ్యే కూలి ఎవరిది? పాతది వేశాక మోత పోతే సామాను అమ్మినవారిదో, బిగించినవారిదో. పోకపోతే?

షెడ్డు పక్షం: పోకపోతే బండిదే. అయితే బేరింగు విషయంలో ఆ తీర్పుకు వీలుండదు. ప్రెస్సుతో ఎక్కించిన బేరింగు నుంచి హబ్బును లాగగానే లోపలి రింగు విడిపోతుంది; దాన్ని మళ్లీ వాడలేరు, వేసి విని పోల్చలేరు. మార్చడమే పరీక్ష. రింగు మీద సమాన దూరాల్లో పడిన గుంటలు దెబ్బను సూచిస్తాయి, ఒకే వైపు పొరలు లేచిన లోహం ఏళ్ల అరుగుదలను సూచిస్తుంది. చాలా బేరింగుల్లో రెండూ కలిసే ఉంటాయి.

బండి పక్షం: కలిసి ఉన్నప్పుడు సగం సగం పంచుకోవడం ఒక పద్ధతి. బేరింగు ఖరీదు బండివారిది, ప్రెస్సు కూలి షెడ్డుది.

షెడ్డు పక్షం: నట్టు బిగువు ముందే చూపించిన షెడ్డు ఆ సగానికి ఒప్పుకోదు.

బండి పక్షం: పాత షాఫ్టు కొసన చితికిన దారాలు చూసిన బండివారు సగంతో ఊరుకోరు.